తూము నుంచి మూడడుగులు

తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరుపొందిన పావులూరి గణితంతో ముడిపెట్టి పండితులు చెప్పుకునే పద్యం ఒకటుంది. చదరంగపు పలక మీద 64 గళ్లు. మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, ఇలా గడిగడికీ రెట్టిస్తూ పోయి అన్నీ కలిపితే ఎంతవుతుందో ఆ పద్యం చెబుతుంది. జవాబు 18446744073709551615. వాడుక లెక్కలో చదివితే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, దాని మీద నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆ పైన తొంభై అయిదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను. ఈ సంఖ్య మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది రాజు కథ: చదరంగం కనిపెట్టినవాడు గింజలు అడగడం, రాజు ఇంతేనా అనడం, గాదెలన్నీ ఊడ్చినా చాలకపోవడం. అది మంచి కథే. అయితే దాని వెలుగులో మరొక సంగతి మరుగున పడిపోయింది. ఈ రెట్టింపు లెక్క తెలుగు నేల మీద రాజసభ కంటే ముందు కల్లంలో ఉంది. నల్లగొండ, పాలమూరు మెట్ట ఊళ్లలో 1960ల దాకా జొన్నలూ వడ్లూ కొలిచిన పాత్రల వరుస, ఈ ఇరవై అంకెల సంఖ్య రెండూ ఒకే లెక్కకు రెండు కొసలు. సంఖ్యను అర్థం చేసుకోవాలంటే రాజును కాసేపు పక్కన పెట్టి కుంచం దగ్గరికి రావాలన్నదే నా వాదన.

ముందు పద్యం సంగతి చూద్దాం. పావులూరి గణితం రాసిన మల్లన కాలం మీద పండితులు ఒక్క మాట మీద లేరు. రాజరాజ నరేంద్రుడు (1022–1061) పిఠాపురం దగ్గరి నవఖండవాడను దానమిచ్చాడన్న ప్రస్తావనను బట్టి 11వ శతాబ్దం అంటారు కొందరు. దానం పుచ్చుకున్నది తాత, గ్రంథం రాసింది అదే పేరున్న మనుమడు, కాబట్టి 12వ శతాబ్దం అంటారు మరికొందరు. ఏదైనా మూలం మాత్రం మహావీరాచార్యుడి గణితసార సంగ్రహం. సంఖ్యను పద్యంలో అంకెలుగా చెప్పలేదు, వస్తువుల పేర్లతో చెప్పారు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడవాలి. ఇరవై అంకెల్లో మూడు ఒకట్లున్నాయి. మూడింటికీ చంద్రుడే, మూడు వేరువేరు పేర్లతో. మూడు ఏడులకూ కొండలే, అవీ మూడు పేర్లతో. నాలుగు నాలుగుల్లో రెండు సముద్రాలు, ఒకటి వేదాలు, ఒకటి బ్రహ్మ ముఖాలు. అయిదులన్నీ బాణాలు, సున్నలు రెండూ ఆకాశం, ఎనిమిదికి దిగ్గజాలు. తాళపత్రం మీద అంకె ఒకటి చెదిరితే పట్టుకునే దారి లేదు. మాట చెదిరితే గణం తప్పి చెవికి తగులుతుంది. అంత పెద్ద సంఖ్య వందల ఏళ్లు నోటి మీదా ఆకుల మీదా చెక్కుచెదరకుండా వచ్చిందంటే ఈ ఏర్పాటు వల్లనే. ఇందులో ఒక చిత్రం కూడా ఉంది. సున్న నుంచి తొమ్మిది దాకా ఉన్న పది అంకెల్లో తొమ్మిది ఈ సంఖ్యలో కనిపిస్తాయి. కనిపించని ఒక్క అంకె రెండు. రెండుతో గుణిస్తూ గుణిస్తూ కట్టిన సంఖ్యలో రెండుకే చోటు లేదు. కళ్లు, చేతులు, రెక్కలు, పక్షాలు అని రెండుకు కవులకు ఎన్నో మాటలున్నా ఈ పద్యంలో ఒక్కటీ అవసరపడలేదు.

ఇప్పుడు కల్లానికి వద్దాం. పాత కొలతల్లో గిద్దలు రెండైతే అరసోల, అరసోలలు రెండైతే సోల, సోలలు రెండైతే తవ్వ, తవ్వలు రెండైతే మానిక, మానికలు రెండైతే అడ్డ, అడ్డలు రెండైతే కుంచం, కుంచాలు రెండైతే ఇరస, ఇరసలు రెండైతే తూము. గిద్దెడు నూనె, సోలెడు బియ్యం, మానెడు జొన్నలు, అడ్డెడు కందులు, కుంచెడు ఆముదాలు అని ఇంటా బయటా పలికిన మాటలివి. ఏ పాత్ర తీసుకున్నా ముందుదానికి సరిగ్గా రెట్టింపు. గిద్దను ఒకటిగా పెట్టుకుంటే వరుస 1, 2, 4, 8, 16, 32, 64, 128, 256 అని నడుస్తుంది. అంటే కుంచానికి 64 గిద్దలు, తూముకు 256. చదరంగపు గళ్లలో మొదటి తొమ్మిదింటి మీద ఉండే సంఖ్యలు ఇవే. రాజు కథ విననివాడికి కూడా చదరంగపు పలక మొదటి వరుస మొత్తం, రెండో వరుసలో మొదటి గడి, ఇంట్లో అటక మీద ఇత్తడిగానో ఇనుముగానో వెదురుగానో ఉన్నాయి. డబ్బుదీ ఇదే దారి. హైదరాబాదు రాజ్యంలో హాలీ సిక్కా చెల్లిన రోజుల్లో అణ, బేడ, చారణ, ఆఠణ, రూపాయి అని రెట్టింపు రెట్టింపుగానే లెక్క. సంతలో ఆడవాళ్లు రూపాయిని సగం చేసి, సగాన్ని మళ్లీ సగం చేసి బేరమాడారు. వాళ్లు పలక పట్టకపోవచ్చు, రెట్టింపు, సగం మాత్రం వేళ్ల మీద ఉన్నాయి.

ఇలాంటి పాత్రల వరుస ఎందుకు నిలిచింది? దీనికి జవాబు ఆ పద్యపు సంఖ్య చివరన కూర్చున్న 'ఒకటి తక్కువ'లో ఉంది. 64 సార్లు రెట్టిస్తే వచ్చేది 18446744073709551616. మన సంఖ్య దానికి ఒకటి తక్కువ. ఎందుకు తక్కువో పాత్రలతో చూస్తే తేటగా తెలుస్తుంది. గిద్ద నుంచి ఇరస దాకా ఎనిమిది పాత్రలనూ ఒక్కొక్కసారి నింపి ఒక్కచోట పోయండి: 255 గిద్దలు. తూముకు ఒక్క గిద్ద తక్కువ. ఆ ఒక్క గిద్ద పోస్తే తూము నిండుతుంది. తూమును కూడా కలుపుకుంటే తొమ్మిది పాత్రల మొత్తం 511. ఇక్కడే అసలు గుణం ఉంది. ఒకటి నుంచి 511 గిద్దల దాకా ఎంత కావాలన్నా ఈ తొమ్మిది పాత్రలతో, దేన్నీ రెండోసారి ముంచకుండా కొలవొచ్చు. 300 గిద్దలు కావాలంటే తూము, అడ్డ, తవ్వ, సోల ఒక్కొక్కటి చాలు. దాన్ని కొలిచే దారి కూడా అదొక్కటే, మరొకటి లేదు. కాబట్టి రెట్టింపు వరుసలో అన్ని పాత్రలూ నిండితే వచ్చే మొత్తం అంటే, ఆ పాత్రలతో ఎన్ని రకాల కొలతలు సాధ్యమో ఆ లెక్క. 64 పాత్రలుంటే ఆ లెక్క సరిగ్గా మల్లన పద్యం చెప్పిన సంఖ్య. ఇన్ని కోట్ల కోట్ల కొలతలను 64 పాత్రలు మోస్తాయన్నది దాని లోపలి అర్థం. కథ దీన్ని అంతులేని పెరుగుదలగా చూపిస్తుంది, కల్లం దీన్ని పొదుపుగా చూపిస్తుంది. నాకు రెండోదే లోతుగా కనిపిస్తుంది. పోలికకు మన మెట్రిక్ రాళ్లు చూడండి. కిలో, రెండు కిలోలు, అయిదు కిలోలు ఒక్కొక్కటే ఉంటే ఒక తట్టలో రాళ్లు, రెండో తట్టలో సరుకు పెట్టి నాలుగు కిలోలు తూచలేం, తొమ్మిదీ తూచలేం. రెండు కిలోల రాయి ఇంకొకటి కావాలి. అలా నాలుగు రాళ్లతో పది దాకా పోతాం. రెట్టింపు వరుసలో నాలుగు పాత్రలతో పదిహేను దాకా పోతాం.

మల్లన కాలపు గణితజ్ఞుడు ఈ సంఖ్యను ఎలా రాబట్టి ఉంటాడు? అరవై నాలుగు సార్లు రెట్టించి కూడాడనుకుంటే పొరపాటు. ఒకే సంఖ్యతో గుణించుకుంటూ పోయే వరుసకు, అంటే గుణశ్రేఢికి మహావీరుడు ఇచ్చిన సూత్రం, అంతకు చాలా ముందు పింగళుడి ఛందశ్శాస్త్రంలోనే ఉన్న ఉపాయం: గళ్ల సంఖ్య సరి అయితే సగం చేసి వర్గం చేయాలని గుర్తు పెట్టుకో, బేసి అయితే ఒకటి తీసి గుణించాలని గుర్తు పెట్టుకో, చివరి నుంచి వెనక్కి రా. 64ను సగాలు చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1. అంటే రెండుతో మొదలుపెట్టి ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, ఆపైన 18446744073709551616. అందులోంచి ఒకటి తీస్తే మన సంఖ్య. ఈ మెట్లను పాత్రల పక్కన పెట్టండి. 2 గిద్దలు అరసోల, 4 గిద్దలు సోల, 16 గిద్దలు మానిక, 256 గిద్దలు తూము. మొదటి నాలుగు మెట్లకూ కల్లంలో పేరున్న పాత్ర ఉంది. తూమును చేరాక మిగిలేది మూడు వర్గాలే, మూడడుగులే. మొదటి అడుగుకు 65536 గిద్దలు, అంటే 256 తూములు. ఇరవై తూముల పుట్టి లెక్కన పన్నెండు పుట్టీల పదహారు తూములు, బలమైన రైతు కల్లంలో రాశిగా పడేంత ధాన్యం. రెండో అడుగుకు ఎనిమిది లక్షల ముప్పై ఎనిమిది వేల పుట్టీల పైమాట. అది జిల్లాల లెక్క. మూడో అడుగు పడే చోటు ఈ భూమి మీద లేదు. గిద్దలకు బదులు ఉత్త గింజలనే తీసుకుని, వెయ్యి జొన్న గింజల బరువు 30 గ్రాములనుకున్నా మొత్తం 55 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే జొన్నలు దాదాపు 6 కోట్ల టన్నులు. తొమ్మిది వేల ఏళ్ల పంట కావాలి.

సంఖ్య గుణాల్లోకి ఇంకాస్త పోతే తూము మళ్లీ ఎదురవుతుంది. ఒక వర్గంలోంచి ఒకటి తీసేస్తే అది రెండు ముక్కలుగా విడిపోతుందన్నది బడి పిల్లలకు తెలిసిన సూత్రమే. దాన్ని వరుసగా వాడితే మన సంఖ్య 255, 257, 65537, 4294967297 అనే నాలుగింటి లబ్ధంగా తేలుతుంది. అందులో 255 అంటే ఇందాక చూసిన కొలతే, తూములో గిద్ద తక్కువ. గిద్ద నుంచి ఇరస దాకా నిండిన ఎనిమిది పాత్రలు ఈ ఇరవై అంకెల సంఖ్యను శేషం లేకుండా భాగిస్తాయి. 255ను విడదీస్తే 3, 5, 17. మూడూ ప్రధాన సంఖ్యలే. 257, 65537 కూడా ప్రధానాలే. మిగిలిన 4294967297 దగ్గర యూరప్‌లో ఒక పెద్ద పొరపాటు జరిగింది. రెండును ఇలా వరుసగా వర్గం చేస్తూ ఒకటి కలిపితే వచ్చే సంఖ్యలన్నీ ప్రధానాలే అయి ఉంటాయని 1640 ప్రాంతంలో ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417ల లబ్ధంగా విడగొట్టి చూపాడు. మన పద్యపు సంఖ్యకు అలా మొత్తం ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాదు. భాజకాలు 128, అంటే మళ్లీ రెండు ఏడుసార్లు. వీటిలో 3, 5, 17, 257, 65537లను గుణిస్తే 4294967295 వస్తుంది. స్కేలు, వృత్తలేఖినితో మాత్రమే గీయగలమని ఇప్పటికి తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజుల్లో అన్నిటికంటే ఎక్కువ భుజాలున్నది ఇన్ని భుజాలదే. గౌస్ 1796లో పదిహేడు భుజాల దాన్ని గీయవచ్చని నిరూపించి తెరిచిన దారి అది. పద్యం కట్టినవాడికి ఇవి తెలుసని నేననడం లేదు. కానీ 3, 5, 17 ఎందుకు వచ్చాయో చెప్పడానికి అతనికి ఆయిలర్ అక్కరలేదు, ఎనిమిది కొలపాత్రలు చాలు.

ఇక అభ్యంతరాలు. మొదటిది గట్టిదే: మల్లన వేంగి వాడు, కోస్తా వాడు, ఆనాడు ఈ మెట్ట సీమ కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది, ఆ తరువాత పానగల్లు రాజధానిగా కందూరు చోడులు ఏలారు, ఆయన పద్యానికీ నల్లగొండ కుంచానికీ పొత్తేమిటి? పుస్తకం ఇటు వచ్చిందని చెప్పి నేను వాదం నిలబెట్టడం లేదు. అయినా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. మూలకర్త మహావీరుడు జైనుడు, రాష్ట్రకూట అమోఘవర్షుడి (814–878) కాలం వాడు. ఈ పీఠభూమి ఆ రాజ్యంలోదే. పాత నల్లగొండ జిల్లాలోని కొలనుపాక పెద్ద జైన క్షేత్రం. జడ్చర్ల దగ్గరి గొల్లత్తగుడి ఇటుకలతో కట్టిన జైన ఆలయం. పెద్ద సంఖ్యల మీద జైనులకున్న మక్కువ అందరికీ తెలిసిందే. మహావీరుడు స్థానాలకు ఇరవై నాలుగు పేర్లు ఇచ్చాడు. ఇరవయ్యోది మహాశంఖం, మన సంఖ్య తొలి అంకె కూర్చునేది అక్కడే. ఆ బడి మనుషులు ఈ నేల మీద తిరిగారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, పుట్టి, తూము, కుంచం, అడ్డ, మానిక అనే కొలతలు తెలుగు శాసనాల్లో కోస్తా, తెలంగాణ తేడా లేకుండా కనిపిస్తాయి. దేవుడి నైవేద్యానికి బియ్యం, దీపానికి నూనె, చెరువు కింది పొలానికి విత్తనం, అన్నీ ఈ పేర్లతోనే. పొలాన్ని కూడా పట్టే విత్తనంతో తూమెడు భూమి, పుట్టెడు భూమి అన్నారు. రాజ్యాలు రెండైనా కొలత కుటుంబం ఒకటే.

పద్యానికి ఇక్కడ చెవులు లేవనడం కూడా తప్పే. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు ఏటేటా పండితులను పిలిచి వార్షికాలిచ్చి పంపేవి. తిరుపతి వేంకట కవులు ఈ సభలకు వచ్చినవారే. అష్టావధానంలో చదరంగం ఒక అంశం. అవధాని పద్యాలు చెబుతూనే ఎత్తులు వేయాలి. అలాంటి సభలున్న సీమలో చదరంగపు గళ్ల లెక్క చెప్పే పద్యం పరాయిది కాజాలదు. ఆ సీమ వాడే సురవరం ప్రతాపరెడ్డి. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలను పక్కకు నెట్టి జనం తిండి, బట్ట, ఆట, పాటల మీద చరిత్ర కట్టాడు. ఒక సంఖ్య చరిత్రను కుంచం నుంచి రాయాలనుకునేవాడికి ఆయన చూపిన తోవే తోవ.

రెండో అభ్యంతరం, రెట్టింపు కొలతలు తెలుగువారి సొత్తు కాదన్నది. నిజమే, సొత్తని ఎవరన్నారు? ఇంగ్లీషువారి గిల్లు, పింటు, క్వార్టు, గాలను సగాలు, పాతికలుగానే నడిచాయి. ఈజిప్టు లేఖకులు గుణకారాన్ని రెట్టింపులతో చేశారు. రెండే అంకెలతో లెక్క మొత్తం నడుస్తుందని లైబ్నిట్జ్ 1703లో వ్యాసం అచ్చువేశాడు. ఈ చదరంగం మొత్తాన్నే అల్‌బిరూనీ 1000 ప్రాంతంలో రాసిన గ్రంథంలో లెక్కకట్టి ఇచ్చాడు. రాజు, గింజల కథను 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ నమోదు చేశాడు. బహుశా కథ దారిన వచ్చింది, లెక్క ఎక్కడికక్కడే ఉంది. పాత్రతో కొలిచే మనిషి ఏ దేశంలోనైనా సగం చేయడం దగ్గరికే వస్తాడు, ఎందుకంటే కంటితో సరిచూడగల భాగం అదొక్కటే: రెండు పాత్రల్లో సమంగా పోసి పక్కపక్కన పెడితే చాలు. మూడో వంతును కంటితో పట్టలేం. ఇది నా వాదాన్ని తగ్గించడం లేదు. ఒక సంఖ్య పరదేశపు కథతో వచ్చి ఇక్కడ పద్యమై నిలవాలంటే వినేవాడి చేతిలో దాని మొదటి మెట్లు ముందే ఉండాలి. అవి ఉన్నాయి.

మూడోది, వరుస తూము దగ్గర ఎందుకు తెగిందన్న ప్రశ్న. తూము నుంచి పుట్టికి రెట్టింపులు లేవు. అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము, ఇరవై తూములు పుట్టి. రెట్టింపు అంత సహజమైతే ఇక్కడ వేళ్ల లెక్క ఎందుకొచ్చింది? కల్లంలో పని జరిగే తీరులో దీనికి జవాబుంది. కొలిచేవాడు రాశి ముందు గొంతుక్కూర్చుని కుంచం ముంచి, అంచు మీద చేత్తో తలకొట్టి, పక్కన పోస్తాడు. మొదటిదాన్ని ఒకటి అనడు, 'లాభం' అంటాడు, తరువాతే రెండు, మూడు. తూము దాకా ఎత్తడానికి పాత్ర ఉంది. ఆపైన పాత్ర లేదు, పుట్టెడు ధాన్యం పట్టే పాత్రను ఎత్తే మనిషి లేడు. అక్కడి నుంచి లెక్క చేతిది కాదు, నోటిది. నోరు లెక్కపెట్టేది అయిదులు, పదులు, ఇరవైలు. చేతితో ఎత్తేదానికి రెట్టింపు, నోటితో చెప్పేదానికి వేళ్లు: ఈ సరిహద్దు తూము మీద ఉంది. చదరంగపు లెక్క ఆ సరిహద్దును దాటి, ఎత్తలేనంత దూరం చేతి లెక్కనే కొనసాగించడమంటే ఏమిటో చూపుతుంది. అందుకే వినేవాడికి కళ్లు తిరుగుతాయి.

ఇంకో మాట కూడా వినబడుతుంది: ఊరికో కుంచం ఉండేది, దొర ఇచ్చే కుంచం వేరు, తీసుకునే కుంచం వేరు, అలాంటి కొలతల్లో గణితం వెతకడమేమిటి? ఈ మాటలో ఉన్న నొప్పి నిజం. తలకొట్టి కొలవడం, గోపురంలా పోసి కొలవడం మధ్య తేడాలో ఎన్ని కుటుంబాల తిండి పోయిందో. కానీ మారింది పాత్ర సైజు, పాత్రల మధ్య నిష్పత్తి కాదు. పెద్ద కుంచానికి పెద్ద అడ్డ, చిన్న కుంచానికి చిన్న అడ్డ. ఆ నిష్పత్తి స్థిరంగా ఉండబట్టే మోసాన్ని పట్టుకోవడం కుదిరింది: ఇంటి మానికతో నాలుగు సార్లు పోస్తే నిండాల్సిన కుంచం నిండకపోతే, దొర కుంచం పెద్దదని చదువు లేని రైతుకూ తెలిసేది. తెలిసినా అడిగే దిక్కు లేదు, అది వేరే సంగతి. అప్పు దగ్గర ఈ శ్రేఢి ఇంకా కఠినంగా తగిలింది. విత్తనానికో తిండికో తెచ్చుకున్న గింజలను నాగు పేరుతో పంట మీద ఒకటికి ఒకటిన్నరగా తిరిగి కొలవాలి. పుట్టి తెచ్చి, తీర్చలేక, వడ్డీ మీద వడ్డీ ఎక్కితే నాలుగేళ్లకు అయిదు పుట్టీలు, ఎనిమిదేళ్లకు పాతిక, పన్నెండేళ్లకు 129 పుట్టీలు దాటుతుంది. ఏ కమతంలో పండుతుందది? పండదు కాబట్టే మనిషి భగేలాగా మారి దొర ఇంట జీతానికి కట్టుబడ్డాడు. 1936లో నిజాం ప్రభుత్వం భగేలా ఒప్పందాల మీద నిబంధన తెచ్చినా ఊళ్లలో ఆ కట్టు తెగలేదు. 1940లలో పంటలో వంతును సర్కారు సేకరించే లెవీ గల్లా కూడా తోడైంది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక నల్లగొండ పల్లెలు లేచాయి. ఆ పోరులో నాగు పత్రాలు తగలబెట్టడం, కొలతలు సరిచేయించడం ఊరూరా వినిపించిన డిమాండ్లు. రాజు చేతిలో గింజలు పెరగడం కథ. రైతు మెడ మీద పెరగడం ఈ జిల్లాల చరిత్ర. రెండూ ఒకే జాతి శ్రేఢులు.

కొలతల చట్టం 1956లో వచ్చింది, 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, ఆ తరువాత కిలోలు, లీటర్లు. వ్యాపారానికీ పన్నుకీ అవి మేలే చేశాయి. రెండు కుంచాల దొరతనాన్ని ముద్ర వేసిన రాయి కొంతైనా అడ్డుకుంది. రెట్టింపు వరుస సంతలోంచి తప్పుకున్న అదే ఏళ్లలో కంప్యూటర్లలో స్థిరపడింది. ఇప్పటి కంప్యూటర్లు లెక్క చేసే మాటకు 64 బిట్లు. ఒక్కో బిట్టు నిండిన పాత్ర, లేదా ఖాళీ పాత్ర. గుర్తు లేని పూర్ణ సంఖ్యల్లో ఆ 64 పాత్రలూ నిండితే వచ్చే అతి పెద్దది, పద్యం చెప్పిన ఇరవై అంకెలే. దాని మీద ఒకటి కలిపితే అన్నీ ఖాళీ అయి సున్న మిగులుతుంది. కల్లంలో అయితే ఆ ఒక్క గిద్దతో పైపాత్ర నిండేది. యంత్రానికి ఆ పైపాత్ర లేదు.

ఇదంతా కాగితం మీది నిష్పత్తులతో కట్టిన వాదమే. దీన్ని సరిచూసే సాధనాలు ఇంకా ఊళ్లలో ఉన్నాయి. అంచుకు ఇనుప పట్టీ కొట్టిన కుంచాలు, ఇత్తడి సోలలు, వెదురు మానికలు, అటకల మీద నుంచి పాత ఇనుము బండ్లకు పోతున్నాయి. పానగల్లులో మ్యూజియం ఉంది, మహబూబ్‌నగర్ పిల్లలమర్రి దగ్గరా ఉంది. విగ్రహాలకూ శాసనాలకూ ఇచ్చిన చోటులో ఒక మూల ఈ పాత్రలకు ఇచ్చి, ఏ ఊరిదో, ఏ ఇంటి పని చేసిందో రాసి, ఒక్కొక్కటి ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో కొలిచి పక్కన పెట్టాలి. పాత్రలు ఎంత పాతవైనా తలకొట్టి జొన్నలు పోస్తే కొలత ఇస్తాయి. అడ్డ కుంచంలో సగం కాని ఊరు ఎక్కడైనా తేలితే, తవ్వకూ మానికకూ మధ్య మరో లెక్క నడిచిన తావు ఉంటే, ఈ వ్యాసంలో చెప్పిందాన్ని అక్కడికి తగ్గట్టు దిద్దాలి. దేవరకొండ నుంచి అలంపురం దాకా ఎక్కడ చూసినా సగం సగంగానే తేలితే, మల్లన పద్యాన్ని బడి పుస్తకంలో రాజు బొమ్మ పక్కన కాకుండా కుంచం బొమ్మ పక్కన అచ్చు వేయాలి.